కత్తిరించిన ఎడమ పక్క

తాతాజీ గారు ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు క్లర్కుగా పనిచేసి నర్సీపట్నం డిపోలోనే రిటైరయ్యారు. కానీ ఊళ్ళో ఆయన్ని క్లర్కుగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. ఫోటోల తాతాజీ అంటేనే తెలుస్తుంది. ఫోటోలు ఆయనకి బతుకుతెరువు కాదు, సరదా. సెలవు దొరికితే మెడలో కెమెరా తగిలించుకుని గొలుగొండ చెరకు తోటల్లోకో, బలిఘట్టం ఏటి ఒడ్డుకో, ఏజెన్సీ సంతలకో పోయేవారు. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళు సహకరించడం లేదు గాని కన్ను మాత్రం ఇంకా అలాగే ఉందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకాన్ని ప్రతి ఆదివారం బలపరిచే వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. దాని పేరు 'వాకిలి'. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసే రోజారమణి రెండేళ్ళ కిందట మొదలుపెట్టింది. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మందుల షాపు ఆయన, అందరూ కలిపి నలభై మంది. ఫోటోలంటే ఇష్టమే తప్ప ఎవరికీ అది వృత్తి కాదు. ఆదివారం పొద్దున్న ఎవరో ఒకరు తాము ఎడిట్ చేసిన ఫోటో పెడతారు. మిగతావాళ్ళు చూసి అభిప్రాయం చెప్పాలి. ఎక్కువమంది చెప్పేది ఒక్కటే మాట, సూపర్. తాతాజీ గారు అలా కాదు. నీడ ఎక్కడ చచ్చిపోయింది, రంగు ఎక్కడ ముదిరింది, ఏ అంచు కత్తిరించాలి అని పేరాలు పేరాలు రాసేవారు. ఆయన రాసేదాకా చాలామంది నోరు విప్పేవారు కాదు. రాశాక ఆయన ఎటు మొగ్గితే అటు మొగ్గేవారు.

డిసెంబరులో ఒక ఆదివారం గౌతమి ఫోటో పెట్టింది.

గౌతమిది కొయ్యూరు పైన కొండ మీది ఊరు. ఆ దగ్గర్లోనే ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఇరవై ఆరేళ్ళుంటాయి. గ్రూపులో చేరి నాలుగు నెలలైనా అప్పటిదాకా ఒక్క ఫోటో పెట్టలేదు. ఆ రోజు పెట్టిన దాంట్లో ఒక ముసలావిడ ఇంటి అరుగు మీద కూర్చుని సూటిగా చూస్తోంది. "మా మామ్మ దేవుడమ్మ. ఫోన్‌లోనే ఎడిట్ చేశాను. ఎలా ఉందో చెప్పండి" అని కింద రాసింది.

తాతాజీ గారు కళ్ళజోడు తుడుచుకుని ఫోటో పెద్దది చేసి చూశారు. డెబ్భై దాటిన మనిషి. చేతుల మీద నరాలు తేలి కనిపిస్తున్నాయి. ముఖం మీద మాత్రం ఒక్క గీత లేదు. వెనక ఆకాశం ముదురు నీలం, దాంట్లో దూదిపింజల్లాంటి మబ్బులు. అరుగు మీద పడుతున్న వెలుతురుకీ ఆ ఆకాశానికీ పొంతన లేదు.

ఆయన రాశారు: "గౌతమీ, మీ మామ్మ ముఖం మీద ఇస్త్రీ పెట్టె నడిపినట్టున్నావు. ఆ ముడతలే ఈ ఫోటోకి ప్రాణం. అవి తీసేశాక మిగిలింది ప్లాస్టిక్ బొమ్మ. ఆకాశం ఎక్కడి నుంచి తెచ్చావు? మన కొండల మీద అలాంటి ఆకాశం నేను నలభై ఏళ్ళలో చూడలేదు. ఇది ఫోటో కాదు, క్యాలెండరు. ఎడిటింగ్ నేర్చుకునే ముందు చూడడం నేర్చుకోవాలి."

ఇస్త్రీ పెట్టె మాట గ్రూపులో బాగా పేలింది. పదకొండు మంది నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకాయన "కరెంటు ఇస్త్రీయా, బొగ్గుల ఇస్త్రీయా సార్?" అని అడిగాడు. దానికి ఇంకో ఆరుగురు నవ్వారు. తాతాజీ గారు తృప్తిగా ఫోను పక్కన పెట్టి స్నానానికి వెళ్ళారు. తిరిగొచ్చి చూసేసరికి, ఆ నవ్వుల కింద, గౌతమి గ్రూపు వదిలి వెళ్ళిపోయినట్టు సన్నటి అక్షరాల్లో ఒక వరస కనిపించింది.

మధ్యాహ్నం రోజారమణి ఫోన్ చేసింది.

"సార్, మీరు చెప్పింది తప్పని నేను అనను. కానీ ఆ అమ్మాయికి నలభై మంది ముందు చెప్పారు. ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పుంటే ఎళ్ళిపోయేది కాదు."

"మరేటమ్మా, బాగోకపోయినా బాగుందనాలా? మా రోజుల్లో ఇంతకన్నా గట్టిగా అనేవారు. మేం పారిపోయామేటి?"

"ఎవరనేవారు సార్?"

ఆ ప్రశ్నకి ఆయన వెంటనే, "మా బుల్లిబాబు" అనబోయి ఆగిపోయారు. బుల్లిబాబు గట్టిగా అన్న సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన అదే ఆలోచిస్తూ ఉండిపోయారు.

అబీద్ సెంటర్ దగ్గర సందులో బుల్లిబాబుకి స్టూడియో ఉండేది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆయనే తీసేవాడు. ఆదివారం మధ్యాహ్నం స్టూడియో మూసేసి, వెనక గది తలుపు తీసేవాడు. కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురైదుగురు చేరేవారు. డార్క్‌రూమ్ ఊరికే వాడుకోనిచ్చేవాడు, కాగితాలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. తాతాజీ అప్పుడు ఇరవై అయిదేళ్ళవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఎర్ర దీపం వెలుగులో, ట్రేలో ఊగుతున్న తెల్ల కాగితం మీద ముందు ఒక మసక, తర్వాత ఒక కన్ను, ఒక కొమ్ము, ఒక గట్టు పైకి తేలుతుంటే అయిదుగురూ ఊపిరి బిగపట్టి వంగి చూసేవారు. కడిగిన ఫోటోలు తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవారు. ఫోటోలు కడిగే హైపో మందు వాసన వేళ్ళని సోమవారం దాకా వదిలేది కాదు. కొత్తగా పెళ్ళయి వచ్చిన పుష్పవతి, "ఆ చేతుల్తో ఆవకాయ జాడీ ముట్టుకోకండి" అని తాతాజీని వంటింటి గడప దగ్గరే ఆపేసేది.

ఫోటోలు ఆరాక వెనక గదిలో పెద్ద బల్ల మీద పరిచేవారు. అక్కడ బుల్లిబాబు పెట్టిన నియమం ఒకటుండేది. తీసినవాడు మాట్లాడకూడదు, చూసినవాళ్ళే మాట్లాడాలి. బుల్లిబాబు కూడా వెంటనే ఏమీ అనేవాడు కాదు. ఫోటో చేతిలోకి తీసుకుని ముందు ఒక్కటే అడిగేవాడు. "ఇది ఎవరికిరా?"

పోటీకా, ఇంట్లోవాళ్ళకా, పత్రికకా, నీకోసమా? జవాబు విన్నాకే చూడడం మొదలుపెట్టేవాడు. పెళ్ళికూతురి ఫోటో వాళ్ళమ్మకైతే ఒకలా, సంబంధాలవాళ్ళకైతే ఇంకోలా. తర్వాత ఫోటోలో ఒక మూల వేలు అడ్డం పెట్టేవాడు. "ఇప్పుడు సూడు. ఇది లేపోతే నీకేటైనా లోటుగా ఉందా?" లోటు లేదనిపిస్తే ఆ మూల కత్తిరించాలి. లోటనిపిస్తే ఉంచాలి. నిర్ణయం మాత్రం తీసినవాడిదే.

తాతాజీ మొదటిసారి తెచ్చిన ఫోటో బలిఘట్టం దగ్గర ఏట్లో దిగిన గేదెలది. అందరూ మెచ్చుకుంటారని తెచ్చాడు. బుల్లిబాబు చూసి ఏమీ అనలేదు. నెగటివ్ అడిగి తీసుకుని, తాతాజీని డార్క్‌రూమ్‌లోకి పిలిచి, మళ్ళీ కాగితం పెట్టాడు. కాగితం మీద వెలుతురు ఎక్కువ పడితే అక్కడ నల్లబడుతుంది. అందుకని వెలుతురు పడుతున్నంతసేపూ అరచెయ్యి గేదెల మీద అడ్డం పెట్టి సన్నగా ఊపుతూ నిలబడ్డాడు. కడిగి తీస్తే, అంతకుముందు నల్లటి ముద్దల్లా ఉన్న గేదెల వీపుల మీద నీటి మెరుపు కనిపించింది. రెండు ఫోటోలూ పక్కపక్కన బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అంతే. ఆ రోజు తాతాజీకి సిగ్గేసిందీ, ఆనందమేసిందీ. మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురుచూశాడు.

బుల్లిబాబు పోయి తొమ్మిదేళ్ళయింది. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

సాయంత్రం తాతాజీ గారు రోజారమణి దగ్గర నంబరు తీసుకుని గౌతమికి ఫోన్ చేశారు.

"అమ్మా, నేను తాతాజీని. పొద్దున్న నేనలా రాయకుండా ఉండాల్సింది."

"పర్లేదు సార్. మీరు పెద్దోరు. నాకు డ్యూటీలు ఎక్కువైపోయి గ్రూపులోంచి వొచ్చీసేను." గొంతు మర్యాదగా, దూరంగా ఉంది.

"ఒక్క మాట అడుగుతాను. ఆ ఫోటో ఎవరికోసం చేశావు?"

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"మా మామ్మకే సార్. ఫోన్‌లో సెప్తే అర్థం కాదు. మా ఇల్లు సూస్తే తెలుస్తది."

"అయితే వచ్చే ఆదివారం వస్తాను" అన్నారాయన. అనేశాక పుష్పవతి వైపు చూశారు. ఆవిడ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "స్వెట్టరు పట్టుకెళ్ళండి" అంది.

ఆదివారం పొద్దున్న కొయ్యూరు బస్సెక్కారు. సంచిలో స్వెట్టరుతోపాటు తన పాత ఆల్బమ్ కూడా పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ కిందట సంతల్లో తీసిన నలుపు తెలుపు ఫోటోలవి. ముసలి ముఖాల్ని ఎలా తీయాలో ఆ పిల్లకి చూపించాలని ఉద్దేశం. క్షమాపణ చెప్పడానికి బయల్దేరిన మనిషిలోంచి పాఠం చెప్పే మనిషి ఇంకా పూర్తిగా దిగిపోలేదు. గొలుగొండ దాటి, కృష్ణదేవిపేట దాటి బస్సు కొండల్లోకి తిరిగాక మంచు అద్దాలకి పట్టింది. దిగే చోట గౌతమి స్కూటీతో నిలబడి ఉంది. వెనక కూర్చోబెట్టుకుని మట్టి దారిలో రెండు మైళ్ళు పైకి తీసుకెళ్ళింది.

దేవుడమ్మ అరుగు మీదే ఉంది. పసుపు కొమ్ములు ఎండబోస్తోంది. ఆయన్ని కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేనా బాబూ, నా మొకం మీద ఇస్త్రీపెట్టి ఎట్టీసేరన్నావంట?"

తాతాజీ గారికి ఎక్కడ చూడాలో తెలియలేదు. "నేనేనమ్మా. తప్పయిపోయింది."

"తప్పేటి, నువ్వు సూసింది నువ్వు సెప్పేవు. రా, లోపలికి రా. కారనం సూపిత్తాను."

లోపల గోడ మీద ఒక మగమనిషి ఫోటో ఉంది. నిండా ముప్పై ఎనిమిదేళ్ళు లేవు. ఒత్తయిన జుట్టు, కాస్త బెదురుగా ఉన్న కళ్ళు. చిన్న ఫోటోని పెద్దది చేయించినట్టుంది. అది దేవుడమ్మ భర్త గంగులు. జ్వరంతో ఆ వయసులోనే పోయాడు. ఆయనకున్న ఫోటో అదొక్కటే. దాని పక్కన మేకు కొట్టి ఉంది, ఫ్రేము లేదు.

దేవుడమ్మ పెట్టె మీద బోర్లించి ఉన్న ఫ్రేము తీసి ఆ మేకుకి తగిలించింది. దాంట్లో ఏ ఎడిటింగూ లేని ఆవిడ ఫోటో ఉంది.

"సూడు బాబూ. ఈడు నా మావ. ఈ పక్కన నాను. ఎలగున్నాం? తల్లీ కొడుకుల్లాగ నేమా? అందుకే మా పిల్లతో సెప్పేను, నన్ను కొంచిం ఎనక్కి లాగే అని. నాను పోయేక ఈ రెండూ ఇలగే ఉంటాయి. ఒచ్చినోళ్ళు మొగుడూ పెళ్ళాలనుకోవాలా, అక్కర్లేదా?"

తాతాజీ గారు ఆ రెండు ఫోటోలనీ మార్చి మార్చి చూశారు.

"ఇది నేను ముందే అడగాల్సిందమ్మా" అన్నారు గౌతమితో.

"నేను కూడా రాయలేదు కదా సార్. ఇంట్లో మాట గ్రూపులో ఎందుకనుకున్నాను." ఆ పిల్ల మొదటిసారి కొంచెం నవ్వింది. "ఆకాశం మాత్రం నాదే. మామ్మ అడగలేదు. బాగుంటదని పెట్టీసేను. అది మీరన్నట్టే బాగోలేదు."

ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. గౌతమి ఫోన్ తీసి అసలు ఫోటో తెరిచింది. తాతాజీ గారు అప్పుడు బుల్లిబాబు నెగటివ్ మీద పెన్సిలుతో చేసే పని గురించి చెప్పారు. సూదిలా చెక్కిన పెన్సిలుతో, భూతద్దం కింద, ఒక్కొక్క ముఖం మీద పూటంతా కూర్చునేవాడు.

"ముడత చెరిపెయ్యకూడదమ్మా. ముడత లోపల నీడ ఉంటది చూడు, దాన్ని తేలిక చెయ్యాలి. అప్పుడు గీత ఉంటది, వయసు తగ్గుతది. నువ్వు గీతే తీసేశావు, అందుకే బొమ్మలాగ అయింది."

గౌతమి వేలితో చేసి చూపించింది. "ఇలాగా సార్?"

"ఎక్కువైంది. సగానికి తగ్గించు. ఇంకా. ఆఁ, అక్కడ ఆపు."

కళ్ళ కింద, నుదుటి మీద, మెడ దగ్గర, ఒక్కొక్క చోటా ఆగి ఆగి చేశారు. ఒకచోట గౌతమి, "మీరు మరీ తక్కువంటున్నారు సార్, ఫోన్‌లో సరిపోతది గాని ప్రింటు వేస్తే మళ్ళీ ముదురుగా వస్తది" అంది. ఆయనకి ఆ సంగతి తెలియదు. సరే నీ ఇష్టమన్నారు. పెదాల పక్క గీతల దగ్గరికి వచ్చేసరికి, అప్పటిదాకా పసుపు కొమ్ములు తిరగేస్తూ మాట్లాడకుండా చూస్తున్న దేవుడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయి ఒగ్గీండి. అయి ముసిలితనానికి రానేదు. మావ ఉన్నప్పుడే వొచ్చీసేయి. ఆడు నవ్వించి నవ్వించి సంపీసేవోడు."

ఆ గీతలు అలాగే ఉంచేశారు.

అంబలి తాగాక, దేవుడమ్మే ఆయన సంచిలోని ఆల్బమ్ ఏమిటని అడిగింది. తాతాజీ గారు ఇచ్చారు. అప్పటికి పాఠం చెప్పాలన్న ఉద్దేశం ఎటో పోయింది. ఆవిడ ఒక్కొక్క పేజీ తిప్పుతూ మనుషుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టింది. కొండచీపుళ్ళ మోపుతో ఉన్నాయన ఫలానా, అడ్డాకులు కుట్టే ఆవిడ ఫలానా, ఈ సంకలో పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆయన ముప్పై ఏళ్ళుగా 'కూలి', 'బరువు', 'ఎదురుచూపు' అని పేర్లు పెట్టుకున్న ఫోటోలకి అసలు పేర్లు ఉన్నాయి.

ఒక పేజీ దగ్గర ఆవిడ ఆగి, ఆల్బమ్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఓలమ్మా, ఇది మా కొండలమ్మ కాదేటి!"

అది ఆయనకి పేరు తెచ్చిన ఫోటో. తొంభై ఒకటిలో కృష్ణదేవిపేట సంతలో తీశారు. ఒకావిడ గట్టు మీద ఒంటరిగా కూర్చుని, కళ్ళు సగం మూసుకుని, ముఖమంతా బాధతో ఉంది. ఎడమ బుగ్గ నీడలో మునిగిపోయింది. దానికి 'ఆకలి' అని పేరు పెట్టి విశాఖలో ఒక పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది. వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ ఇప్పటికీ ఆయన హాల్లో ఉంది.

"ఈ ఫోటో పేరు ఆకలి అమ్మా" అన్నారు.

"ఆకలేటి!" దేవుడమ్మ నవ్వింది. "ఆ రోజు నాను దాని పక్కనే నించోనున్నాను. ఇద్దరం కలిసే సంతకెల్లేం. సింతపండు అమ్మీసి, కడుపునిండా తిన్నాం కూడాను. దానికి పన్ను నెప్పి బాబూ. బుగ్గ ఇంత వాసిపోయింది. పల్లు పీకీవోడి కాడ కూకుంది, దాని వొంతు కోసం. మరి పల్లోడేడి? ఆడి గొడుగు ఈ పక్కన ఉండాలి."

తాతాజీ గారు ఆల్బమ్ తన వైపు తిప్పుకుని ఫోటో ఎడమ అంచు చూశారు. గౌతమి ఆయన ముఖం చూసి, నవ్వు ఆపుకుని, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

"దీని బొమ్మ దానికిచ్చేవా?" అని అడిగింది దేవుడమ్మ.

"లేదమ్మా. పేరు కూడా అడగలేదు."

"అది పోయి పదిహేనేల్లయింది. దానికో బొమ్మ నేదు. దాని కూతురు అప్పలలక్ష్మి కింద ఊర్లోనే ఉంది. దానికి తెలిస్తే ఎంత సంబరపడతాదో!"

ఇంటికి వచ్చిన మర్నాడు తాతాజీ గారు బీరువా పైన ఉన్న రేకు డబ్బా దింపారు. వెన్న కాగితం కవర్లలో నెగటివ్‌లు సంవత్సరాలవారీగా ఉన్నాయి. తొంభై ఒకటి, మార్చి. స్ట్రిప్పు తీసి కిటికీకి అడ్డం పెట్టి చూశారు. నెగటివ్‌లో ఎడమ పక్క గొడుగు ఉంది. గొడుగు కింద పరిచిన బట్ట ఉంది. ఆ బట్ట మీద పీకిన పళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ పక్కనే, కొండలమ్మకి కొంచెం వెనగ్గా నిలబడ్డ ఇంకో ఆడమనిషి చీర అంచు ఉంది.

అంతా గుర్తొచ్చింది. ఆ ఎడమ పక్క అడ్డంగా ఉందని కత్తిరించింది ఆయనే. వాచిన బుగ్గ మీద వెలుతురు ఎక్కువసేపు పోసి నల్లగా ముంచేసింది ఆయనే. బల్ల మీద పెడితే బుల్లిబాబు ఆ అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడేటి కోసేసేవురా?" అన్నాడు. "అడ్డం వచ్చింది అన్నా" అన్నాడు తాతాజీ. బుల్లిబాబు "ఊఁ" అన్నాడు. ఎవరికి అని అంతకుముందే అడిగితే పోటీకి అని చెప్పాడు. ఆ "ఊఁ" మెచ్చుకోలని ముప్పై ఏళ్ళూ అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి, ఆ ఒక్క శబ్దాన్నీ మళ్ళీ మళ్ళీ వింటున్నట్టు ఉండిపోయారు. బుల్లిబాబు ఇప్పుడుంటే అడిగేవారు, అన్నా, అప్పుడే చెప్పొచ్చు కదా అని. చెప్పాడు కదరా అని కూడా అనిపించింది.

ఆదివారం గ్రూపులో ఆయన రెండు ఫోటోలు పెట్టారు. ఒకటి బహుమతి వచ్చింది. ఇంకోటి నెగటివ్ మొత్తం. "ఎడిటింగ్‌తో అబద్ధం చెప్పడం ఫోన్లు వచ్చాక మొదలవలేదు. నేను ముప్పై ఏళ్ళ కిందటే చేశాను. గౌతమి తన మామ్మ అడిగింది చేసింది. నేను ఎవరూ అడక్కుండా, పంటి నొప్పిని ఆకలి చేశాను. ఆ అమ్మాయికి మీ అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను" అని రాశారు. తర్వాత మందుల షాపు ఆయన అలవాటు కొద్దీ "సూపర్" అని రాసి, వెంటనే చెరిపేశాడు. సాయంత్రానికి రోజారమణి గౌతమిని మళ్ళీ చేర్చింది.

జనవరిలో గౌతమి పని మీద నర్సీపట్నం వచ్చినప్పుడు నేరుగా ఆయన ఇంటికి వచ్చింది. అప్పలలక్ష్మికి ఈ సంగతి చెప్పిందట. ఆవిడ రెండే అడిగిందట. అమ్మ ఒక్కర్తే కనపడాలి, బుగ్గ వాపు లేకుండా చూడాలి.

ఇద్దరూ హాల్లో కూర్చున్నారు. గౌతమి తన ట్యాబ్ తెర తెల్లగా వెలిగించి, దాని మీద నెగటివ్ పరిచి, ఫోన్‌తో ఫోటో తీసి, నలుపుని తెలుపుగా తిప్పింది. క్షణంలో కొండలమ్మ తేలింది. ట్రేలో ఊగే కాగితం లేదు, వాసన లేదు. అయినా తాతాజీ గారు అలవాటుగా ఊపిరి బిగపట్టారు. ఆయన చెబుతుంటే ఆ పిల్ల చేసింది. ఆ పిల్ల వద్దంటే ఆయన మానుకున్నారు. వాపు తగ్గించే పని మాత్రం తానే చేస్తానని ఫోన్ తీసుకుని, గంటసేపు కూర్చుని నున్నగా చేశారు. "పెన్సిలు కన్నా సుఖంగానే ఉంది" అన్నారు. పుష్పవతి టీ తెచ్చి, వాళ్ళ భుజాల మీంచి చూసి, "ఎవరండీ, చక్కగా ఉందీవిడ" అంది.

అబీద్ సెంటర్‌లో ప్రింటు వేయించి, ఆదివారం ఇద్దరూ అప్పలలక్ష్మి ఇంటికి తీసుకెళ్ళారు. ఆవిడకి నలభై అయిదేళ్ళుంటాయి. చేతులు చీరకి తుడుచుకుని ఫోటో అందుకుంది. చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంటుందేమోనని ఇద్దరూ ఎదురుచూశారు.

"మచ్చేది?" అంది.

"ఏ మచ్చమ్మా?"

"మా యమ్మకి ఈ ఎడం బుగ్గ మీద పుట్టుమచ్చ. మినపగింజంత. సిన్నప్పుడు దాన్ని లాగీవోదాన్ని నాను. మచ్చ నేపోతే మా యమ్మ ఎలగవుద్ది?"

తాతాజీ గారు గౌతమి వైపు, గౌతమి ఆయన వైపు చూశారు. వాపుతోపాటు మచ్చ కూడా ఆయన వేలి కింద పోయింది. చుక్కని దుమ్ము అనుకున్నారు.

"మళ్ళీ చేసి తెస్తానమ్మా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఈసారి ఏమీ కష్టంగా లేదు.

వారం తర్వాత రెండో ప్రింటు తెచ్చారు. అప్పలలక్ష్మి ముందు బుగ్గే చూసింది. చూపుడువేలు మచ్చ మీద ఆనించి, అలాగే ఉంచింది.

"ఇదిగో, ఇప్పుడు మా యమ్మ."

వాళ్ళని కూర్చోబెట్టింది. ఉడకబెట్టిన దుంపలు పెట్టింది. తర్వాత ఆ రోజు సంగతి తనకీ తెలుసని మొదలుపెట్టింది. సంత నుంచి అమ్మ పొద్దువాలే వేళకి వచ్చిందట. నోట్లో దూది, చీర కొంగు మీద రక్తం మరకలు. తను భయపడి ఏడిస్తే, అమ్మ మాట్లాడలేక, కొంగు ముడి విప్పి బెల్లం జీళ్ళు చేతిలో పెట్టిందట.

"తను ఒక్కటీ తిన్నేదు. నమల్నేదు కదా. నాను తింటంటే నా నోరే సూత్తా కూకుంది. ఒకటి నాలికతో నాకి సూసి, రేపు తింతానని గూట్లో ఎట్టుకుంది. ఆ రాత్రి అదీ నానే తినీసేను." అప్పలలక్ష్మి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "పొద్దున్నే లెగిసి గూడు సూసుకుని, నన్ను తిట్టబోయి, దౌడ నెప్పెట్టి, మా యమ్మ కూడా నవ్వీసింది."

తాతాజీ గారు వింటున్నారు. ఒక్క క్షణం కెమెరా నొక్కి తాను వెళ్ళిపోయిన ఆ రోజులో మిగతాదంతా ఇన్నేళ్ళ తర్వాత ఆయన ముందుకు వస్తోంది. కింద రోడ్డు మీద మధ్యాహ్నం బస్సు హారన్ వినిపించింది. గౌతమి లేవబోయింది. ఆయన లేవలేదు.

"ఆ జీళ్ళు ఎవరి దగ్గర కొందో తెలుసా అమ్మా?" అని అడిగారు.

"తెలీకేటి" అంది అప్పలలక్ష్మి, ఫోటోని ఒళ్ళో సర్దుకుంటూ. "సెప్తాను, దుంపలు తినండి ముందు."